వార్డు కౌన్సిలర్ చేతిలో నిజంగా ఎంత ఉంటుంది?

పల్లపు వీధి (ప్రశ్న):
మాది కోనసీమలో ఒక మునిసిపాలిటీ. వాన పడితే మా వీధిలో మూడేసి రోజులు నీరు నిలిచిపోతున్న సంగతి వార్డు సమావేశంలో ప్రస్తావిస్తే, మా కౌన్సిలర్ గారు మూడు మాటలు చెప్పారు. నీరు వెళ్లి కలవవలసిన పెద్ద డ్రైను జలవనరుల శాఖది కాబట్టి మునిసిపాలిటీ చేయగలిగిందేమీ లేదట. వీధి కాలువల్లో చెత్త వేస్తున్నది మనమేనట. కౌన్సిల్లో తనకున్నది ఒక్క ఓటేనట. ఆయన అబద్ధమాడుతున్నారని నాకు అనిపించలేదు. అయినా 74వ రాజ్యాంగ సవరణతో వచ్చిన 12వ షెడ్యూలులోని 18 అంశాల్లో తాగునీరు, పారిశుధ్యం కూడా ఉన్నాయి కదా, మరి ఆ ఒక్క ఓటు దేనికన్న సందేహం మిగిలిపోయింది. అనుభవం ఉన్నవారు చెప్పగలరా?

విశ్రాంత మునిసిపల్ ఉద్యోగి:
మొదటి మాట సగం నిజం. డెల్టా నేలకు వాలు బహు తక్కువ కావడంతో పెద్ద డ్రైను నిండితే వీధి నీరు అందులోకి దిగదు సరికదా, వెనక్కి తన్నుతుంది; సముద్రం పోటు మీద ఉన్న వేళ కోనసీమ డ్రైన్లు మరీ నెమ్మదిగా లాగుతాయి. దానికి మునిసిపాలిటీని తప్పుపట్టలేము. కానీ వీధి కాలువలో పూడిక తీయించడం, కాలువ మీద దుకాణాలవారు పరిచిన పలకలను తొలగించడం, పల్లపు స్థలాలను మెరక చేసి లేఅవుట్లు వేసేటప్పుడు పాత నీటిదారి మూసుకుపోకుండా చూడడం ఎవరి పని? పూడిక తీశామంటే మాత్రం నమ్మవద్దు. తీసిన ఓండ్రును అదే రోజు బండికెత్తారా, గట్టున వదిలేశారా అన్నది చూడండి. గట్టున వదిలినది మొదటి వానకే తిరిగి కాలువలోకి జారుతుంది, బిల్లు మాత్రం అప్పటికే పాసయి ఉంటుంది.

మాజీ కౌన్సిలర్:
నేను మహిళా రిజర్వేషన్ స్థానం నుంచి గెలిచినదానిని. మొదటి ఏడాది అధికారులు ఫోను చేసేది మావారికే. వార్డులో కొత్త కుళాయి సంగతి నాకు పొరుగింటివారు చెబితే తెలిసింది. కాబట్టి ఒక్క ఓటు కూడా మన చేతికి రావడానికి సమయం పడుతుందని నాకు తెలుసు. అయినా మీ కౌన్సిలర్ గారి మూడవ మాటతో ఏకీభవించలేను. పనులు నడిపించేది కమిషనర్ అయినా, అజెండాలోని అంశాన్ని ఆపి ప్రశ్నించే హక్కు, అసమ్మతిని మినిట్స్‌లో, అంటే సమావేశంలో జరిగినది నమోదు చేసే పత్రంలో, రాయించే హక్కు సభ్యుడికి ఉన్నాయి. చాలా సమావేశాల్లో పదుల కొద్దీ అంశాలు టీ వచ్చేలోపు ‘ఆమోదించడమైనది’ అయిపోతాయి. పెద్ద డ్రైను జలవనరుల శాఖదే అనుకుందాం. దానిని బాగుచేయమని కౌన్సిల్ తీర్మానం చేసి పంపిందా? సమాచార హక్కు చట్టం కింద మినిట్స్ ప్రతి అడిగితే ఆయన ఎన్నిసార్లు నోరు విప్పారో తెలుస్తుంది.

భీమవరం వాసి:
మీకు అడగడానికి కౌన్సిలరైనా ఉన్నారు. 2021 మార్చిలో రాష్ట్రంలో పురపాలక ఎన్నికలు జరిగినప్పుడు మా ఊళ్లో జరగలేదు. వార్డు సచివాలయంలో అర్జీ ఇవ్వవచ్చు, రసీదు కూడా వస్తుంది. అయితే రసీదు ఇచ్చినవారిని ఓటుతో ప్రశ్నించలేము.

చెత్త విషయంలో మాత్రం మీ కౌన్సిలర్ గారు చెప్పింది కొట్టిపారేయదగినది కాదు. ధవళేశ్వరం నుంచి వచ్చే కాలువ నీటినే డెల్టా పట్టణాలు చెరువుల్లో నింపుకొని, వేసవిలో కాలువలు కట్టేసిన రోజుల్లో తాగుతాయి. ఎగువ ఊరివారు కాలువలో విసిరినది దిగువ ఊరి చెరువు తూము దగ్గర తేలుతుంది. ఆ దిగువ ఊరి ఓటరు ఎగువ ఊరి కౌన్సిలర్‌కు ఓటు వేయడు కనుక, దీనిని పట్టించుకునే అవసరం ఎవరికీ కలగదు.

పల్లపు వీధి:
అందరికీ కృతజ్ఞతలు. మినిట్స్ కోసం నిన్న దరఖాస్తు ఇచ్చాను. పలకల గురించి చదివాక మా గుమ్మం ముందు కూడా చూశాను. అక్కడి కాలువ మీద ఉన్న పలక మా నాన్నగారు వేయించినదే. ఆదివారం నలుగురం కలిసి ఎత్తితే కింద జానెడు ఖాళీ కూడా లేదు, అంతా పూడికే. తీసిన ఓండ్రు ప్రస్తుతం గట్టునే ఉంది. బండి పంపమని కౌన్సిలర్ గారికి కబురు చేశాను.