గిఫ్ట్ కార్డులన్నీ కలిపి మైసూరు వెళ్దామంటున్నారు, పాప కార్డు కూడా కలపొచ్చా?

బరంపురం కోడలు:
నిన్న బీరువాలో చీరల మడతల మధ్య దాచిన గిఫ్ట్ కార్డులన్నీ తీసి మంచం మీద పరిచాను. దీపావళికి మావారి ఆఫీసులో ఇచ్చినవి రెండు, పెళ్లిరోజుకి తమ్ముడు పంపినది ఒకటి, క్రెడిట్ కార్డు పాయింట్లకి వచ్చినది ఒకటి, గృహప్రవేశం చదివింపుల్లో వచ్చినవి మూడు, మా పాప పదకొండో పుట్టినరోజుకి మేనత్త ఇచ్చిన రెండు వేల కార్డు. మొత్తం ఎనిమిది, 19,500 రూపాయలు.

ప్రశాంతి ఎక్స్‌ప్రెస్‌లో బెంగళూరు, అక్కడినుంచి మైసూరు వెళ్లాలని నాలుగేళ్లుగా అనుకుంటున్నాం. అత్తగారితో కలిపి ఐదుగురం. బాబుకి ఆరేళ్లు. ఐదేళ్లు దాటితే బెర్తు కావాలంటే పూర్తి టికెట్టే కదా, అంటే ఐదు పూర్తి టికెట్లు. కార్డులన్నీ కలిపితే భారం చాలా తగ్గుతుందని మావారు అంటున్నారు. పాప కార్డు పాపదని నేనంటున్నాను. ఆమాట మీద రెండు రోజులుగా ఇంట్లో వాదనే. మీరైతే ఏం చేస్తారు?

జయపురం:
అక్కా, ముందు అసలు విషయం చూడండి. ఆ కార్డుల్లో రైలు టికెట్‌కి పనికొచ్చేవి ఎన్ని? బట్టల షాపు కార్డుతో హోటల్ గది రాదు. మైసూరులో ఆటోకీ టిఫిన్‌కీ కార్డు చెల్లదు. ఎనిమిది కార్డులు కలిపితే 19,500 అనుకోవడం కాగితం మీద లెక్క. టూరు మాట వదిలేసి, గడువు తీరేలోపు ఇంటికి కావలసినవి కొనేయండి.

పర్లాకిమిడి బ్యాంకు కౌంటర్:
పని రీత్యా ఇవి రోజూ చూస్తాను కాబట్టి చెబుతున్నాను. కార్డుల్లో రెండు రకాలున్నాయి. బ్యాంకులు, వాలెట్ కంపెనీలు ఇచ్చేవి రిజర్వ్ బ్యాంకు 2021 ఆగస్టు నిబంధనల కిందికి వస్తాయి. ఒక్కో గిఫ్ట్ కార్డు 10,000 దాటకూడదు. అందులో మళ్లీ డబ్బు వేయలేం, నగదుగా తీయలేం. గడువు కనీసం ఏడాది ఉండాలి, పొడిగించమని అడిగే వీలు కూడా ఉంది. షాపు తన సరుకు వరకే ఇచ్చే కార్డుకి ఆ నిబంధనలు వర్తించవు. దాని వెనక చిన్న అక్షరాల్లో ఏం రాసుంటే అదే.

ఇంకో మాట. రెండు వేల కార్డు పెట్టి 2,300 బిల్లు కట్టబోతే మెషిన్ చాలాసార్లు మొత్తం తిప్పికొడుతుంది. ముందే క్యాషియర్‌కి చెప్పి, కార్డు మీద 2,000, మిగతా 300 విడిగా కొట్టించుకోవాలి. ఆన్‌లైన్‌లో అయితే ఒక బుకింగ్‌కి ఎన్ని కార్డులు తీసుకుంటారో చూశాకే మొదలుపెట్టండి.

పిన్ మీద వెండిపూత గోరుతో నెమ్మదిగా గీకండి. మా అబ్బాయి రూపాయి బిళ్లతో గట్టిగా గీకితే చివరి రెండు అంకెలు పూతతోపాటే లేచిపోయాయి. ఆ కార్డు పనిచేయించడానికి మూడు వారాలు తిరిగాం.

రాయగడ:
జయపురం గారూ, మీ మాట నేను ఒప్పుకోను. ఇంటి సరుకుల్లో కలిసిపోయిన డబ్బు మళ్లీ కనబడదు. మా గృహప్రవేశంలో చదివింపులు నగదుగానే వచ్చాయి. అరకు వెళ్దామనుకున్నాం. ముందు బోరు మోటారు కాలింది, తర్వాత స్కూలు ఫీజు, ఆ తర్వాత ఎవరికో చేబదులు. విశాఖ నుంచి అద్దాల రైలు పెట్టెలో అరకు వెళ్లాలని మా అమ్మ ఎంత ఆశపడిందో. అమ్మ పోయి ఏడాదైంది. కార్డు అయితే కనీసం బీరువాలో కనబడుతూ గుర్తు చేస్తుంది.

జయపురం:
మీ అమ్మగారి విషయం చదివి బాధేసింది. నేను టూరు వద్దనలేదు. ఇంటికి ఎలాగూ కొనే బియ్యం, యూనిఫాం, నోటు పుస్తకాలు కార్డులతో కొనండి. అంత నగదు అదే రోజు విడిగా తీసి కవర్లో పెట్టండి. ఆ నగదుతో రైలైనా, ఆటో అయినా ఎక్కొచ్చు. నా మొదటి పోస్టులో ఇది చెప్పాల్సింది.

గుణుపురం:
ఆ కవరు ఎవరి చేతిలో ఉంటుందన్నదే అసలు ప్రశ్న.

సిరొంచ నుంచి:
మాది గోదావరి అవతల, మహారాష్ట్ర వైపు. మా అనుభవం చెబుతాను. కిందటేడు ఒక ట్రావెల్ సైట్‌లో కార్డులతో హోటల్ బుక్ చేశాం. మామయ్యకి ఒంట్లో బాగోక రద్దు చేశాం. డబ్బు వెనక్కి వచ్చింది, కానీ అదే కార్డులోకి. ఆ కార్డు గడువు ఇంకా పదకొండు రోజులే. పదకొండు రోజుల్లో ఎక్కడికి వెళ్తాం? చివరికి ఎవరికీ అక్కర్లేని బుకింగ్ చేసి దూరపు చుట్టానికి ఇచ్చాం. ఇంట్లో పెద్దవాళ్లుంటే ప్రయాణం ఎప్పుడైనా ఆగొచ్చు. గడువు దగ్గర పడ్డ కార్డుని బుకింగ్‌కి వాడకండి. అమ్ముకుందామని నెట్‌లో తెలియనివాళ్లకి నంబరు, పిన్ మాత్రం పంపొద్దు. పొరపాటున మోసపోతే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.

పలాస అత్తయ్య:
అందరూ లెక్కలే చెబుతున్నారు, ఆవిడ అడిగింది పాప కార్డు గురించి. ఆడపిల్ల పేరు మీద మేనత్త ఇచ్చింది అది. "నీ కోసం" అని చేతిలో పెట్టినదాన్ని, చిన్నపిల్ల కదా అని అడగకుండా తీసుకోకూడదు. నా చిన్నప్పుడు పండక్కి వచ్చిన డబ్బులన్నీ "దాస్తాలే" అని తీసుకునేవారు. ఇప్పటికీ నాకది గుర్తే.

రాయగడ:
అత్తయ్యా, ఇంట్లో నీదీ నాదీ అని చిన్నప్పుడే గీతలు గీస్తే ఎలా? తన డబ్బు కూడా కలిసిందంటే పాపకీ గర్వంగా ఉంటుంది.

పలాస అత్తయ్య:
తను ఇస్తే గర్వం. మనం తీసుకుంటే కాదు.

బరంపురం కోడలు:
పది రోజులైంది, మళ్లీ రాస్తున్నాను. ఆఫీసు కార్డులు రెండూ ట్రావెల్ సైట్‌వే, ఒకే బుకింగ్‌కి రెండూ తీసుకుంటామని అక్కడ రాసుంది. గడువు కూడా వచ్చే జనవరి దాకా ఉంది. మైసూరు గదికి ఆ 5,000 వాడాం. షాపు కార్డులు ఐదు, 12,500. ఇప్పటికి యూనిఫాంలకి, సరుకులకి 7,200 వాడాను. బిల్లు కట్టిన ప్రతిరోజూ అంతే నగదు తీసి అత్తగారి చేతికిచ్చాను. గుణుపురం గారూ, కవరు ఆవిడ ట్రంకు పెట్టెలో ఉంది. రిజర్వేషన్ 60 రోజుల ముందే తెరుస్తారు కాబట్టి టికెట్లు వచ్చే సోమవారం. ప్యాలెస్‌కి దీపాలు వెలిగేది ఆదివారాలు, సెలవు రోజుల్లో కాబట్టి ఆదివారం సాయంత్రానికి అక్కడుండేలా చూసుకున్నాం.

పాప కార్డు సంగతి. వాళ్ల నాన్న చేతే అడిగించాను. కాసేపు ఆలోచించి "నేనే కొంటా" అంది. షాపుకి తీసుకెళ్తే తనకి చెప్పులు తీసుకుంది, తమ్ముడికి టోపీ తీసుకుంది. ఇంకా 640 మిగిలింది. నానమ్మకి రైల్లో చలేస్తుందని ఒక శాలువా తెచ్చి కౌంటర్ మీద పెట్టింది. 95 రూపాయలు తక్కువ పడితే మావారు జేబులోంచి తీసి ఇచ్చారు.