లాంగుల్య అంటే నాగలా, తోకా?

నిన్న ఒకరు అడిగారు కదా లాంగుల్యా నదీ నాగావళీ నదీ ఒకటేనా అని, ఒకటే. ఒడిశాలోని కలహండి కొండల్లో లఖబహాల్ దగ్గర పుట్టి మా రాయగడ మీదుగా దిగి శ్రీకాకుళం దాటాక కళ్ళేపల్లి దగ్గర సముద్రంలో కలుస్తుంది, మొత్తం 256 కిలోమీటర్లు.

పేరు సంగతికొస్తే మా వైపు అందరూ చెప్పే కథ బలరాముడిది. కరువొచ్చి జనం మొరపెట్టుకుంటే నాగలితో సాలు తీసి నీళ్లు పారించాడంట, ఒడ్డు పొడుగునా శివలింగాలు పెట్టాడంట, రాయగడ దగ్గర పాయకపాడు, కిందికెళ్తే గుంప సోమేశ్వరుడు, సంగమేశ్వరుడు, శ్రీకాకుళంలో కోటేశ్వరుడు, కళ్ళేపల్లిలో మణినాగేశ్వరుడు. లాంగలం అంటే నాగలే, బలరాముడికి లాంగలి అని పేరు కూడా ఉంది కాబట్టి కథ బాగానే అతుకుతుంది. కానీ పురాణాల్లో మహేంద్రగిరి నదుల వరసలో కనపడే పేరు లాంగూలిని, దాని పక్కనే వంశకర, అంటే మన పక్క నది వంశధార. లాంగూలం అంటే తోక! నాగావళి అని విడదీస్తే పాముల వరస. నాకైతే లాంగూలినే పాతదనిపిస్తుంది, నాగలి కథ ఒడ్డున దుక్కి దున్నుకునేవాళ్లు తర్వాత కలుపుకున్నది అయ్యుంటుంది. అంతమాత్రాన ఆ కథని కొట్టిపారేయకండి, ఈ నీళ్లు ఎవరికి ఎందుకు కావాలో అందులోనే ఉంది.

అసలు ఇంట్లో ఎవరూ నాగావళి అనరు, ఉత్త ఏరు. కొండ మీంచి దిగేది గెడ్డ, గెడ్డలన్నీ వచ్చి పడేది ఏరు. అందుకే మాకు పైన ఏ గెడ్డ పొంగిందో ముందు కావాలి, ఎందుకంటే కొండ వాలు ఎక్కువ, పైన గట్టిగా వాన పడితే కింద పార్వతీపురం, పాలకొండ వైపు ఎండ కాస్తున్నా ఏరు వచ్చేస్తుంది. 2017 జులైలో తెరువలి, సింగపూర్ రోడ్ మధ్య రైలు వంతెనే కొట్టుకుపోయింది. "ఏరొచ్చింది" అన్నారంటే వరద అనే అర్థం, వేరే మాట చెప్పక్కర్లేదు. దయచేసి మా గెడ్డల్ని రాతలో వాగులుగా మార్చకండి, పెద్దగెడ్డ, వొట్టిగెడ్డ అని పేర్లలోనే ఉన్న మాట అది.

గుణుపురం, కాశీనగర్ వైపు వాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి, వంశధారని కూడా ఇంట్లో ఏరనే అంటారా?