నానబెట్టడమా, ఊరబెట్టడమా, పట్టించడమా? ఒక మెక్సికో వంట తెచ్చిన పేచీ

గ్రూపులో అందరికీ నమస్కారం. ఒక వంట తెలుగులో రాయబోయి మాట దగ్గర దొరికిపోయాను, మీరే తేల్చాలి.

నేను హ్యూస్టన్‌లో ఉంటాను. ఇక్కడి టాకో బళ్ల దగ్గర దొరికే 'టాకోస్ అల్ పస్తోర్' అంటే నాకు ప్రాణం. ఎర్రటి కారం ముద్ద పట్టిన పందిమాంసం, చిన్న మొక్కజొన్న రొట్టె, పైన రెండు అనాస ముక్కలు, ఉల్లి, కొత్తిమీర. ఇంట్లో కూడా చేస్తుంటాను. హైదరాబాద్‌లో ఉన్న మా అక్క ఎలా చేయాలో రాసి పంపమంటే వాట్సాప్‌లో తెలుగులోనే రాశాను. ఎండుమిర్చి, వెల్లుల్లి, వెనిగర్, జీలకర్ర కలిపి నూరిన ముద్దలో ముక్కలను "రాత్రంతా నానబెట్టు" అన్నాను.

అక్క అక్షరాలా అదే చేసింది. ముద్దలో రెండు గ్లాసుల నీళ్లు పోసి, ముక్కలన్నీ మునిగాయని చూసుకుని మరీ ఫ్రిజ్‌లో పెట్టింది. మర్నాడు పెనం మీద వేస్తే వేగితే ఒట్టు. ఎర్రటి పులుసులో ఉడికాయి, చప్పగా. "నీళ్లు పొయ్యమని నేనెక్కడ రాశాను?" అంటే, "నానబెట్టమని రాశావుగా! నీళ్లు లేకుండా శనగలు నానబెడతామా?" అంది. నా దగ్గర జవాబు లేదు.

టీవీ వంటల్లో అందరూ 'మారినేట్ చేసుకోవాలి' అనేస్తారు. దానికి మన మాట ఏది?

తెనాలి నుంచి ఒక సభ్యురాలు

మీ అక్కగారి తప్పేమీ లేదండీ. బియ్యం, మినప్పప్పు, చింతపండు, మాసిన బట్టలు, నానేవన్నీ నీళ్లలోనే నానుతాయి. గొడుగు లేకపోతే మనమూ నానుతాం. నానితే వస్తువు మెత్తబడుతుంది, ఉబ్బుతుంది. రుచి ఎక్కించడం ఆ మాట పని కాదు. ఇంకో అర్థం కూడా ఉందిగా, పని తేల్చకుండా నానబెట్టడం. మీకు కావలసింది ఊరబెట్టడం.

కరీంనగర్ సభ్యుడు

మా దిక్కు గింత ఆలోచన చెయ్యరు సార్. మటన్‌కు ఉప్పు, కారం, అల్లం ఎల్లిగడ్డ పట్టిచ్చి పక్కకు పెడ్తరు. 'కలిపి పెట్టిన్నా లేదా?' అని అడుగుతది మా అమ్మ. ఊరబెట్టుడు అంటే మాకు తొక్కులే యాదికొస్తయి.

రిటైరైన తెలుగు మాస్టారు

కలిపిపెట్టడం పని చెబుతుంది, ఆ తరువాత ముక్కకు ఏమవుతుందో చెప్పదు. ఊరడం చెబుతుంది.

పాత పుస్తకాలు తీస్తే 'ఊఱు' అని బండి ఱతో కనిపిస్తుంది. గ్రామమనే 'ఊరు' వేరు, ఇది వేరు. బండి ఱ మానేశాక రెండూ కలిసిపోయాయి. ఊఱగాయలో ఉన్నది ఈ ఊఱే. తమిళుల ఊఱుకాయ్ కూడా అదే. కన్నడం వాళ్లు మాత్రం ఉప్పును పట్టుకుని ఉప్పినకాయి అన్నారు.

ఈ క్రియ తమాషా చూడండి. చెలమలో నీరు ఊరుతుంది, నోరు ఊరుతుంది. అక్కడ తడి లోపలి నుంచి పైకి వస్తోంది. ఆవకాయ ముక్క ఊరిందంటే మాత్రం పైనున్న ఉప్పూ కారం లోపలికి వెళ్లాయని. రెండు వైపులకీ ఒకే మాట. మాగాయ పెట్టేవాళ్లకు ఇది కళ్లెదుట జరిగేదే. ముక్కలకు ఉప్పూ పసుపూ కలిపి మూడు రోజులు ఉంచితే ముందు ఊట దిగుతుంది. ముక్కలు పిండి ఎండబెట్టి మళ్లీ ఆ ఊటలోనే వేస్తే తాగేస్తాయి. నీళ్లు పొయ్యాల్సిన పని లేదు, ముక్కే ఇస్తుంది, ముక్కే పుచ్చుకుంటుంది. మీ అక్కగారికి 'ఊరబెట్టు' అని రాసి ఉంటే ఆవిడ చెయ్యి నీళ్ల గ్లాసు మీదికి పోయేది కాదు.

ఆహార పరిశ్రమలో పనిచేసే సభ్యురాలు, పుణె

మాస్టారూ, మాగాయ మాట నిజమే, కానీ మాంసానికి అచ్చంగా అలా జరగదు. ఉప్పు ఒక్కటే నెమ్మదిగా లోపలిదాకా పోతుంది. మిరప రంగు, వెల్లుల్లి, జీలకర్ర రాత్రంతా ఉంచినా పైపొర దాటి ఎక్కువ లోపలికి వెళ్లవు. అందుకే ఈ వంటలో మాంసాన్ని పల్చటి రేకుల్లా కోస్తారు. లోపలికి వెళ్లనప్పుడు పైభాగాన్నే పెంచుకోవాలి కదా. కాబట్టి నా ఓటు 'పట్టించడా'నికి. ముక్కకి ఉప్పు పట్టింది, కారం పట్టింది అంటాం. అంటుకోవడం, వదలకపోవడం రెండూ ఆ మాటలో ఉన్నాయి.

తెనాలి సభ్యురాలు

మనం ఎంత పట్టించినా ముక్క పట్టించుకోని రోజులూ ఉంటాయి మేడమ్ :)

విశాఖ సభ్యుడు

'దట్టించడం' ఎవరూ అనలేదేం? మసాలా దట్టించి వండారు అంటాం కదా.

మాస్టారు

అది మోతాదు గురించిన మాట నాయనా. కూరి, కుక్కి, బిగించి నింపడం. తుపాకీలో మందు దట్టిస్తారు. అయితే మీరు తెలియకుండా ఒక మంచి చోట చెయ్యి పెట్టారు. స్పానిష్‌లో 'టాకో' అంటే బిరడా, కూరే ముక్క, తుపాకీలో మందు మీద దట్టించే ఉండ. మెక్సికో వెండి గనుల్లో రాయి పేల్చడానికి కాగితంలో మందు చుట్టి రంధ్రంలో దట్టించేవారట, ఆ చుట్టను టాకో అనేవారని, రొట్టెలో కూర చుట్టిన తిండికి ఆ పేరే వచ్చిందని ఒక వాదన ఉంది. వాదనే సుమా, అందరూ ఒప్పుకున్నది కాదు.

కొత్త సభ్యుడు, సంస్కృతం ఎమ్మే

ఆయుర్వేదంలో 'భావన' అనే ప్రక్రియ ఉంది. చూర్ణాన్ని స్వరసంతో, అంటే పచ్చి మూలిక పిండిన రసంతో, తడిపి నూరి ఆరబెట్టడం, మళ్లీ తడపడం. రసం ద్రవ్యానికి పట్టేదాకా చేస్తారు. మారినేషన్‌కు 'భావన' అని వాడుకలోకి తేవచ్చు.

కరీంనగర్ సభ్యుడు

మాంసానికి భావన చేసిన అంటే మా ఇంట్ల నన్ను దవాఖానకు తీస్కపోతరు సార్.

గోవాలో ఉండే తెలుగు సభ్యురాలు

నవ్వకండి, ఊరబెట్టే మాటలకు వంటల పేర్లయిపోయే గుణం ఉంది. మా దగ్గర విందాలూ ఉంది కదా, చాలామంది అందులో ఆలూ ఉందనుకుని బంగాళాదుంప వేస్తారు. అది పోర్చుగీసు వాళ్ల 'విన్య ద ఆల్యుష్', ద్రాక్షసారాయి, వెల్లుల్లి అని అర్థం. వాళ్లు మాంసం ఊరబెట్టే రసం పేరది. ఇక్కడికి వచ్చాక సారాయి పోయి కల్లు వెనిగర్ వచ్చింది, మిరపకాయ చేరింది, రసం పేరు కూర పేరైంది. ఇక మారినేట్ అన్న మాటలోనే సముద్రం ఉంది, లాటిన్‌లో మారినుస్ అంటే సముద్రానిది. చేపల్ని ఉప్పునీటిలో వేయడం దగ్గర మొదలైన మాట.

ప్రశ్న వేసినవాణ్ణి, మళ్లీ నేనే

గోవా మేడమ్ చెప్పింది చూశాక ఒకటి తట్టింది. ఈ కారం ముద్దను స్పానిష్‌లో అడోబో అంటారు. మెక్సికో నగరంలో అల్ పస్తోర్ అని పిలిచేదాన్ని అమెరికా సరిహద్దున ఉన్న తిహువానాలో 'అడోబాడా' అంటారు, అడోబో పట్టినది అని. ఒక ఊరు ఊరబెట్టిన తీరును బట్టి పేరు పెట్టుకుంది, ఇంకో ఊరు వచ్చిన దారిని బట్టి.

ఆ దారి చెప్పకుండా ఉండలేను. 'అల్ పస్తోర్' అంటే గొర్రెల కాపరి పద్ధతిలో అని. పందిమాంసానికి గొర్రెల కాపరి ఎందుకొచ్చాడు? ఒట్టోమన్ సామ్రాజ్యపు రోజుల్లో లెబనాన్, సిరియా వైపు నుంచి మెక్సికో వలస వెళ్లినవాళ్లు నిలువు చువ్వ మీద మాంసం తిప్పుతూ కాల్చే షవర్మాను వెంట తీసుకెళ్లారు. పువేబ్లా నగరంలో అది 'టాకోస్ ఆరబెస్', అంటే అరబ్బు టాకోలు అయింది. వాళ్ల దేశంలో గొర్రె, మెక్సికోలో పంది. రొట్టె మాత్రం గోధుమదే. తరువాత మెక్సికో నగరంలో ఎర్ర మిరప ముద్ద, మొక్కజొన్న రొట్టె, అనాస చేరి ఇప్పటి రూపం వచ్చింది. మాంసం మారింది, కాపరి పేరు ఉండిపోయింది. షవర్మా అన్న మాటకు మూలం తుర్కీలో 'తిప్పడం'. మెక్సికో వాళ్లు ఆ చువ్వను 'త్రోంపో' అంటారు, అంటే బొంగరం! పైన లావుగా, కింద సన్నగా మాంసం పేర్చి ఉంటుంది, చూస్తే మీరూ బొంగరమే అంటారు.

పాడేరు వైపు సభ్యుడు

ఆ ఎరుపు మిరపకాయదేనా, ఇంకేమైనా వేస్తారా?

మళ్లీ నేనే

అచియోతె అనే గింజల ముద్ద కూడా వేస్తారు. మిరపకాయల్లాగా ముళ్ల ముళ్ల కాయల్లో చిన్న ఎర్ర గింజలు. చేతికి అంటితే ఒక పట్టాన పోదు.

పాడేరు వైపు సభ్యుడు

మిరపకాయలాంటి కాయ కాదండీ అది, ఆముదం కాయలా గుండ్రంగా, మొన తేలి ఉంటుంది. మా ఏజెన్సీలో జాఫ్రా అంటాం! రంగు కోసం గింజలు కొనుక్కుపోతారు. వెన్నలో, చీజ్‌లో పసుపు రంగుకు వేసేది ఇదే. మీ అక్కగారు ఆన్‌లైన్‌లో డబ్బు తగలెయ్యనక్కర్లేదు. గింజ రాయిలా గట్టిది, అలాగే మిక్సీలో వేస్తే బ్లేడు పోతుంది. దీన్ని మాత్రం వేణ్ణీళ్లలో నానబెట్టాలి. ఇక్కడ నానబెట్టడమే, సందేహం లేదు.

మళ్లీ నేనే

ఆముదం కాయ పోలికే సరైనది, ఒప్పుకుంటున్నాను. మీ అందరి దయవల్ల అక్కకు మళ్లీ రాశాను. మాటలు సరిగ్గా పడ్డాయో లేదో చూడండి.

"పంది భుజం మాంసం కిలో, కొవ్వు తీసేయకు. అర సెంటీమీటరు మందాన రేకులుగా కోయించు. గ్వాహియో మిర్చి దొరకదు కాబట్టి వరంగల్ చపాటా గానీ బ్యాడగి గానీ ఎనిమిది తీసుకో, రంగెక్కువ, కారం తక్కువ. గుంటూరు కాయ వేస్తే నీ ఇష్టం, తరువాత నన్ను అనకు. గింజలు దులిపి, పెనం మీద మాడకుండా వేడిచేసి, వేణ్ణీళ్లలో ఇరవై నిమిషాలు *నానబెట్టు*. జాఫ్రా గింజలు ఒక చెంచా కూడా *నానబెట్టు*, వేరే గిన్నెలో. నీళ్లు వంచేసి, అయిదు వెల్లుల్లి రెబ్బలు, అర చెంచా జీలకర్ర, రెండు లవంగాలు, పావు కప్పు వెనిగర్, రెండు చెంచాల ఉప్పు, ఒరెగానో వేసి మెత్తగా *రుబ్బు*. ముద్ద గరిటె జారుగా ఉండాలి, పులుసులా కాదు. ప్రతి రేకుకీ రెండు వైపులా *పట్టించు*. మూతపెట్టి ఫ్రిజ్‌లో నాలుగు గంటలు మొదలు రాత్రంతా *ఊరనివ్వు*. పచ్చి అనాసరసం మాత్రం వండే ముందు అరగంటకు మించి కలిపి ఉంచకు. బొంగరం మనకు లేదు, ఇనప పెనం బాగా కాలనిచ్చి, ఒక్కో వరస వేసి, అంచులు నల్లబడేదాకా *కాల్చు*, తరువాత తరుగు. అనాస చెక్కలు కూడా అదే పెనం మీద."

పుణె సభ్యురాలు

అనాస సంగతి బాగా చెప్పారు. అందులోని బ్రోమెలైన్ అనే ఎంజైము మాంసాన్ని తినేస్తుంది, కచ్చీ బిర్యానీలో పచ్చి బొప్పాయి చేసే పనే. రాత్రంతా ఉంచితే ముక్క పిండి పిండి అయిపోతుంది. డబ్బాలో వచ్చే అనాసతో ఆ బాధ లేదు, వేడికి ఆ గుణం పోయి ఉంటుంది.

మాస్టారు

'ఊరబెట్టు' అనకుండా 'ఊరనివ్వు' అన్నారు, అది బాగుంది. మనం చేసే పని పట్టించడంతో అయిపోయింది, మిగతాది ముక్క ఇష్టం. ఇంకొక మాట. పక్కన సల్సా పెడతారని విన్నాను. నంజుకోవడానికి అన్నమాట. మన పాత తెలుగులో నంజుడు అంటే మాంసం కూడా. మీ టాకోలో రెండు నంజుళ్లూ కలిశాయి.

తెనాలి సభ్యురాలు

రొట్టె సంగతి దాటేశారేం? మొక్కజొన్న పిండితో మా అత్తగారు జొన్నరొట్టెలా తట్టబోతే విరిగిపోయింది.

మళ్లీ నేనే

మామూలు మొక్కజొన్న పిండి అతుక్కోదండీ. వాళ్లు గింజల్ని సున్నపు నీటిలో ఉడికించి, రాత్రంతా అందులోనే ఉంచి, కడిగి రుబ్బుతారు. అప్పుడే పిండికి జిగురొస్తుంది. 'మాసా హరీనా' అని అడిగి కొనండి, సున్నం పని వాళ్లే చేసి అమ్ముతారు. పాతకాలంలో దాన్ని రుబ్బే రాయి 'మెతాతె', అచ్చం మన సన్నికల్లు వరస.

ప్రశ్న వేసినవారి అక్క (నిన్నే గ్రూపులో చేరాను)

అందరికీ నమస్కారమండీ. నన్ను ఊరంతా నవ్వుల పాలు చేశాడు మా తమ్ముడు. ఈసారి బాగా కుదిరింది, పిల్లలు అనాస ముక్కల కోసం కొట్టుకున్నారు. ఒక్క అనుమానం. గిన్నె అడుగున ఎర్రటి నీరు దిగింది, నేను చుక్క నీళ్లు పొయ్యలేదని ఒట్టు. దాన్ని ఏమనాలి? పారబొయ్యాలా, వాడాలా?

మాస్టారు

ఊట తల్లీ.

పుణె సభ్యురాలు

ఊటే, కానీ మాగాయ ఊట కాదు, పచ్చిమాంసం నుంచి దిగింది. అలాగే రుచి చూడకండి. తెర్ల కాగేలా అయిదు నిమిషాలు మరిగించి, కాలిన ముక్కల మీద పొయ్యండి.