కాయే అమ్మాలా, కారం ఆడించి అమ్మాలా?

గుంటూరు మిర్చి యార్డులో మాది చిన్న కమీషన్ కొట్టు. 2025లో ధర పడిపోయి, కేంద్రం జోక్యం చేసుకుని క్వింటాలుకి 11,781 రూపాయలు ప్రకటించినప్పటి నుంచి, కమీషన్నే నమ్ముకుంటే కుదరదనిపిస్తోంది. కొన్ని తేజ రకం మిర్చి టిక్కీలు (బస్తాలు) ఏసీలో, అంటే కోల్డ్ స్టోరేజీలో ఉన్నాయి. తొడిమలు తీయించి కారం ఆడించి, అరకిలో ప్యాకెట్లు అమ్మితే ఎలా ఉంటుందండీ?

మొన్న మిల్లులో కాస్త ఆడించి చూశాం. ఘాటు అదిరింది. కానీ మర వేడికి రంగు తగ్గింది, రంగుకి పేరున్న కర్ణాటక బ్యాడిగి మిర్చి కారం పక్కన పెడితే మాది వెలవెలబోయింది. రంగు కోసం బ్యాడిగి ఏ పాళ్లలో కలుపుతారు? మిషను ఇప్పుడే కొనాలా, కొన్నాళ్లు కూలికి ఆడించుకోవాలా? కిరాణా కొట్లవాళ్లు అరువు అడుగుతున్నారు. మా బావమరిదేమో ఇచ్చెయ్యమంటాడు (వాడి డబ్బు కాదుగా!). ఎన్నాళ్ల అరువు వరకు తట్టుకోవచ్చు? ఈ పని చేసినవాళ్లు కాస్త చెప్పండి.