నక్షత్రాలు కోసి పెడితే అట్టు అయిపోతోంది, ఎవరైనా చెప్పండి

కడప ఇల్లాలు: క్రిస్మస్‌కు కుకీలు చేస్తున్నాను. మధ్యాహ్నం రెండు నుంచి ఇదే పని, ఇప్పుడు ఏడు దాటింది. పిల్లలు పిండి వత్తి, అచ్చుతో నక్షత్రాలు కోసి, పళ్లెంలో ఎంతో ఓపికగా పేర్చారు. పావుగంటకు మూత తీస్తే అన్నీ పాకి, అంటుకుపోయి ఒకే అట్టు! మూడు విడతలూ అంతే. చిన్నదాని కళ్లలో నీళ్లు. మైదా 300 గ్రాములు, వెన్న 200, చక్కెర పొడి 100. కొలతల్లో తప్పు లేదు. రేపు రాత్రి ఆరాధనకు వెళ్లేలోపు నాలుగిళ్లకు పంచాలి.

జొన్నరొట్టె: పిల్లలకు ఇంత మైదా ఎందుకమ్మా? మన సీమలో జొన్నలు, కొర్రలు ఉండగా దీన్ని కొనుక్కోవడం నాకు బాధగా ఉంటుంది. సగం కొర్రపిండి కలపండి.

ప్రొద్దుటూరు బేకరీ: వెన్న కరిగించారా?

పదాల పెద్దాయన: వీటిని బిస్కెట్లు అనాలి. కుకీ అన్నది డచ్చి మాట, చిన్న కేకు అని అర్థం. అమెరికా వాళ్ల వాడుక మనకెందుకు?

రాయచోటి అత్త: బిస్కెట్టు మాత్రం మన మాటా? లాటిన్‌లో రెండుసార్లు కాల్చినదని అర్థం. ఈవిడ ఒక్కసారే కాలుస్తోంది కదా! క్రిస్మస్ అంటే మా ఇంట్లో కజ్జికాయలు, గులాబీ పువ్వులు. నూనె కాగితే చాలు, ఈ తంటా ఉండదు.

కడప ఇల్లాలు: కరిగించాను. కలపడానికి సులువని పొయ్యి మీద పెట్టాను. అది తప్పా?

ప్రొద్దుటూరు బేకరీ: అదే తప్పు. వేలితో నొక్కితే గుంట పడేంత మెత్తబడితే చాలు, కరగకూడదు. కోసిన నక్షత్రాలను పళ్లెంతో సహా అరగంట ఫ్రిజ్‌లో పెట్టండి. ఓవెన్ ఎన్ని డిగ్రీలు?

కడప ఇల్లాలు: ఓవెన్ లేదండీ. కుక్కర్‌లో ఉప్పు పోసి పెడుతున్నాను. పళ్లెం పెట్టాకే పొయ్యి వెలిగిస్తున్నాను.

ప్రొద్దుటూరు బేకరీ: ఈ సంగతి ముందే చెప్పాల్సింది. చల్లటి కుక్కర్ నెమ్మదిగా వేడెక్కుతుంది. పిండి బిగిసేలోపే వెన్న కరిగి పారిపోతుంది. రబ్బరు, వెయిట్ తీసేసి, పళ్లెం లేకుండా ఉప్పుతోనే పది నిమిషాలు కాగనివ్వండి. ఆ తర్వాతే పళ్లెం పెట్టి మంట తగ్గించండి. అంచులు ఎర్రబడగానే దించండి. అప్పటికి మెత్తగానే ఉంటాయి, మళ్లీ పెట్టకండి. చల్లారితే గట్టిపడతాయి.

పదాల పెద్దాయన: గులాబీ పువ్వుల్ని కూడా ఇప్పుడు రోజ్ కుకీలు అంటున్నారు. నూనెలో వేయించేది కుకీ ఎలా అవుతుంది?

రాయచోటి అత్త: మా అమ్మ అచ్చు పువ్వులు అనేది. అదే బాగుంది.

కడప ఇల్లాలు: పది కావస్తోంది. ఈసారి అయిదు కోణాలూ నిలిచాయి. ధన్యవాదాలండీ. చిన్నది నిద్రపోయింది, దాని దిండు పక్కన ఒకటి పెట్టాను.

జొన్నరొట్టె: కొర్రపిండితో కూడా ఒక విడత చేసి చెప్పండమ్మా.