దేవునికి అసాధ్యం లేదని నమ్మడం, అడిగినది జరిగి తీరుతుందని నమ్మడం ఒకటేనా?

ప్రశ్న: గాజువాక సోదరి

ప్రభువునందు అందరికీ వందనములు. మా అన్నయ్యకు రెండు కిడ్నీలూ పాడై, వారానికి మూడుసార్లు డయాలసిస్ జరుగుతోంది. ఇంట్లో ఎవరి కిడ్నీ సరిపడదని పరీక్షల్లో తేలడంతో ప్రభుత్వ అవయవదాన కార్యక్రమమైన జీవన్‌దాన్‌లో పేరు నమోదు చేయించాము. పిలుపు ఎప్పుడు వస్తుందో ఎవరూ చెప్పలేకపోతున్నారు. కొత్త సంవత్సరపు ఆరాధనలో ఆయనకు వచ్చిన వాగ్దాన కార్డు మీది వచనం యిర్మీయా 32:27, “నాకు అసాధ్యమైనదేదైన నుండునా?” ఆ కార్డును ఆసుపత్రి ఫైలు అట్ట లోపలివైపు అంటించుకున్నారు. రక్తపరీక్షల కాగితాలు తీసినప్పుడల్లా ముందు అదే కనబడుతుంది.

మా ఇంటి ప్రార్థన కూడికకు వచ్చిన ఒక పెద్దాయన, ఈ వచనాన్ని నిజంగా నమ్మినవాడు కిడ్నీ మార్పిడికి పేరు రాయించుకోడనీ, రాయించుకోవడమే అపనమ్మకమనీ అన్నారు. అన్నయ్య ఎదురు చెప్పలేదు గాని, అప్పటినుంచి డయాలసిస్‌కు బయలుదేరే ప్రతిసారీ తప్పు చేస్తున్నవాడిలా ముభావంగా ఉంటున్నారు. దేవుని శక్తిని నమ్మడమంటే ఆయన ఫలానా విధంగానే చేస్తాడని నమ్మడమా? వాక్యం తెలిసినవారు దయచేసి చెప్పండి.

జవాబు: సీతమ్మధార, సండే స్కూల్ ఉపాధ్యాయుడు

సోదరి గారికి వందనములు. వాగ్దాన కార్డు మీద ఒక్క వచనానికే చోటుంటుంది కాబట్టి, దాని ముందువెనుకలు మనమే వెతుక్కోవాలి. ఆ అధ్యాయమంతా అన్నయ్య గారితో కలిసి చదవండి. అది యూదా రాజైన సిద్కియా ఏలుబడిలో పదవ సంవత్సరం. బబులోను సేన యెరూషలేమును ముట్టడించింది. పట్టణం పడిపోతుందని ప్రవచించినందుకు యిర్మీయాను రాజు బంధించి ఉంచాడు. అటువంటి సమయంలో పినతండ్రి కుమారుడైన హనమేలు వచ్చి, అనాతోతులో ఉన్న తన పొలం కొనమంటాడు. శత్రుసేన ఆక్రమించిన నేలను డబ్బిచ్చి కొనేవారు ఎవరుంటారు? యిర్మీయా కొన్నాడు. 17 తులముల వెండి తూచి ఇచ్చి, క్రయపత్రం రాయించి, సాక్షుల చేత సంతకాలు చేయించి, ముద్ర వేసి, చాలా కాలం నిలిచేలా మట్టికుండలో దాచమని ఆ పత్రాన్ని తన లేఖకుడైన బారూకుకు అప్పగించాడు.

ఇదంతా అయిన తరువాతే ఆయన ప్రార్థనకు కూర్చున్నాడు. నీకు అసాధ్యమైనదేదియు లేదని మొదలుపెట్టి, పట్టణం కల్దీయుల, అంటే బబులోనువారి, చేతికి పోతుండగా నన్నెందుకు పొలం కొనమన్నావని ముగించాడు. దానికి దేవుడిచ్చిన జవాబే మీ అన్నయ్య గారి కార్డు మీద ఉన్నది. అయితే 28వ వచనం కూడా చూడండి. నాకు అసాధ్యమైనది ఉందా అని అడిగిన దేవుడే, వెంటనే, ఈ పట్టణాన్ని కల్దీయుల చేతికి అప్పగిస్తున్నానని అంటున్నాడు. ఈ దేశంలో మళ్లీ పొలాలు కొంటారన్న మాట ఆ జవాబు చివరలో గాని రాదు. బబులోను చెర కాలం 70 సంవత్సరాలని 29వ అధ్యాయంలో ముందే చెప్పి ఉంది. యిర్మీయాను చివరకు ఐగుప్తుకు తీసుకుపోయారు. ఆ పొలంలో ఆయన పంట కోసినట్టు గ్రంథంలో ఎక్కడా లేదు.

కాబట్టి దేవునికి శక్తి ఉన్నదని నమ్మినవాడు పత్రం రాయించుకున్నాడు, సాక్షులను పిలిచాడు, కుండ తెప్పించాడు. జీవన్‌దాన్‌లో పేరు రాయించుకోవడం అపనమ్మకమన్న పెద్దాయన ఈ అధ్యాయాన్ని మరోసారి చదివితే బాగుంటుంది.

జవాబు: భీమిలి నుంచి ఒక విశ్వాసి

పై వివరణ బాగుంది, కాదనను. కాని “దేవుని చిత్తమైతే” అనే మాటను మనం తరచు నిరాశకు ముసుగుగా వాడుకుంటున్నాము. గెత్సేమనేలో ప్రభువు నీ చిత్తమే కానిమ్మని అనడానికి ముందు, ఈ గిన్నె నా యొద్దనుండి తొలగించుమని బాహాటంగా అడిగారు. అడగకుండానే సర్దుకుపోవడం వినయమనిపించుకోదు.

అమెరికన్ బాప్టిస్టుల తెలుగు మిషన్ చరిత్ర చూడండి. 1836లో శామ్యూల్ డే మొదట దిగినది మన విశాఖపట్నంలోనే; ఆ తరువాతే నెల్లూరు వెళ్లారు. ఏళ్లు గడిచినా చెప్పుకోదగ్గ ఫలితం లేక, ఆ మిషన్‌ను మూసివేయాలన్న చర్చ అమెరికాలో ఒకసారి కాదు, పలుమార్లు జరిగింది. 1854 జనవరి 1 తెల్లవారుజామున ఆ మిషన్‌కు చెందిన జూవెట్ దంపతులు కొందరు తెలుగు విశ్వాసులతో ఒంగోలు కొండ ఎక్కి ప్రార్థించారు. 1878 జూలై 3న గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. దానికి ముందు కరువులో ఒంగోలు మిషనరీ క్లౌ దొర బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కాంట్రాక్టు తీసుకుని, ఆకలితో ఉన్నవారికి పని ఇప్పించారన్నదీ మరువకూడదు. స్వస్థత కోసమే అడగండి సోదరీ, సూటిగా అడగండి.

జవాబు: సీతమ్మధార, సండే స్కూల్ ఉపాధ్యాయుడు

అడగాలన్నది నిజమే. అయితే ఒంగోలు కథతో పాటు మన ఊరి కథ కూడా చెప్పుకోవాలి. లండన్ మిషనరీ సొసైటీ పంపిన జార్జ్ క్రాన్, అగస్టస్ డెస్ గ్రాంజెస్ 1805లో విశాఖపట్నం వచ్చి తెలుగు నేర్చుకుని సువార్తలను అనువదించడం మొదలుపెట్టారు. 1809లో ఒకరు, 1810లో మరొకరు కన్నుమూశారు. ఆ సువార్తలు అచ్చయ్యేసరికి వారిద్దరూ లేరు. హెబ్రీ పత్రిక 11వ అధ్యాయంలో సింహాల నోళ్లు మూయించినవారూ, రంపాలతో కోయబడినవారూ ఒకే వరుసలో ఉన్నారు. రెండవవారికి విశ్వాసం తక్కువైందని పత్రిక రాసినవారు అనలేదు. కోలుకోలేదు గనుక నమ్మలేదని రోగి మీద నేరం మోపే మాట మన కూడికల్లో వినిపించకూడదన్నదే నా మనవి.

జవాబు: మహారాణిపేట, డయాలసిస్ విభాగంలో నర్సు

అమ్మా, జబ్బుపడిన హిజ్కియా రాజుకు స్వస్థత కలుగుతుందనీ, ఆయుష్షు 15 ఏళ్లు పెరుగుతుందనీ దేవుడు సెలవిచ్చిన తరువాతే, అంజూరపు పండ్ల ముద్ద తెచ్చి పుండు మీద వేయమని యెషయా ప్రవక్త చెప్పాడు. ఇది 2 రాజులు 20వ అధ్యాయంలో ఉంది; అన్నయ్య గారికి చూపించండి. ఎవరు ఏమన్నా డయాలసిస్ మాత్రం మాననివ్వకండి. కొన్ని విడతలు తప్పినా ఊపిరితిత్తుల్లో నీరు చేరవచ్చు, పొటాషియం పెరిగి గుండె కొట్టుకునే తీరు దెబ్బతినవచ్చు. ఉపవాస ప్రార్థన పెట్టుకుంటే ఇంట్లోవారు ఉండండి. డాక్టరు గారిని అడగకుండా ఆయనను ఉండనివ్వకండి. డయాలసిస్ అయిన రోజు మనిషి బాగా అలసిపోతాడు కాబట్టి, ప్రార్థన బృందాన్ని మరో రోజు రమ్మనండి. పరామర్శకు వచ్చేవారు ప్రేమతోనే కొబ్బరి బోండాలు, అరటిపండ్లు తెస్తారు. వాటిలో పొటాషియం ఎక్కువ గనుక తేవద్దని ఫోనులోనే చెప్పేయండి, ఏమీ అనుకోరు.