పొట్టి వెంట్రుకల పిల్లికి లోపలి నూగు తగ్గించడం ఎలా?

మా పిల్లికి నాలుగేళ్లు. పొట్టి వెంట్రుకల ఆడపిల్లి, పిల్లలు పుట్టకుండా శస్త్రచికిత్స అయింది, ఇల్లు దాటి బయటకు వెళ్లదు. ఇంట్లోనే పెరిగే పిల్లులకు రాత్రిళ్లు కూడా దీపాల వెలుగు ఉండటం వల్ల, ఉష్ణోగ్రత పెద్దగా మారకపోవడం వల్ల రుతువుతో సంబంధం లేకుండా ఏడాది పొడవునా వెంట్రుకలు రాలుతుంటాయి కనుక, పూర్తిగా ఆగాలని నేను ఆశించడం లేదు. కానీ కొన్ని నెలలుగా నడుము చివర, తోక మొదట్లో నిమిరితే చాలు, పైవెంట్రుకల కింద ఉండే మెత్తటి నూగు కుచ్చులుగా చేతికి వస్తోంది.

చర్మం ఎక్కడా బోడిగా లేదు, ఎర్రబడలేదు, అతిగా నాక్కోవడమూ లేదు. పశువైద్యులు చర్మాన్ని పరీక్షించి పరాన్నజీవులు గానీ ఫంగస్ గానీ లేవన్నారు. వారు చెప్పిన మోతాదులో చేపనూనె ఇచ్చాక మెరుపు వచ్చింది, రాలడం మాత్రం తగ్గలేదు. స్నానం చేయిస్తే చర్మం పొడిబారింది, అందుకే మానేశాను. రోజూ సాయంత్రం పది నిమిషాలు రబ్బరు గ్లౌజుతో దువ్వుతున్నాను, అయితే అది పైన వదులుగా ఉన్నవాటినే తీస్తోంది. సన్నని తీగల బ్రష్ లోపలి నూగును బాగానే లాగుతుంది గానీ, పొట్ట దగ్గరికి రాగానే పిల్లి కొరికి పారిపోతుంది. బ్లేడు ఉన్న దువ్వెనలు పైవెంట్రుకలను కూడా తెంపుతాయన్న భయంతో వాటి జోలికి పోలేదు.

పైవెంట్రుకలు తెగకుండా, చర్మం గీసుకుపోకుండా లోపలి నూగును తీయడానికి ఇలాంటి పిల్లికి మీరు ఏ రకం దువ్వెనను, వారానికి ఎన్నిసార్లు వాడుతున్నారు?